నేను మాక్‌ని, నువ్వు పీసీవి: ఈ తగువు ఎవరి లాభానికి?

ఏళ్ల తరబడి విండోస్ మీద పనిచేసిన మనిషి మొదటిసారి మాక్ ముందు కూర్చున్నప్పుడు అతని చేతులను గమనించండి. ఒక వాక్యాన్ని కాపీ చేయాలనుకోగానే ఎడమ చిటికెనవేలు తనంతట తానే కీబోర్డు మూలన ఉన్న కంట్రోల్ మీదికి పోతుంది. నొక్కితే ఏమీ జరగదు. కావలసిన కమాండ్ కీ స్పేస్‌బార్ పక్కన, బొటనవేలికి అందేచోట ఉంది. విండో మూయడానికి కర్సర్ కుడివైపు పై మూలకు పరుగెడుతుంది. మూసే గుర్తు ఎడమవైపు ఉంది. మౌస్ చక్రం తిప్పితే పేజీ అలవాటైన దిక్కుకు ఎదురు దిక్కులో కదులుతుంది. పది నిమిషాలు గడవకముందే తీర్పు వచ్చేస్తుంది: "దీన్ని జనం ఎలా వాడుతున్నారో!" మాక్ మీద పెరిగిన మనిషిని విండోస్ ముందు కూర్చోబెట్టినా అదే తీర్పు, దాదాపు అవే మాటల్లో వినిపిస్తుంది.

ఆ తీర్పు ఇచ్చింది వేళ్లు. పదేళ్లుగా రోజుకు వందల సార్లు చేసిన ఒక కదలిక ఒక్కసారిగా పనికిరాకుండా పోతే కలిగే చిరాకు అది. కానీ మాట్లాడే సమయానికి అది చిరాకులా వినిపించదు, సాంకేతిక అభిప్రాయంలా వినిపిస్తుంది. కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద దశాబ్దాలుగా సాగుతున్న వాదనల్లో పెద్ద భాగం ఇలా వేళ్లు ఇచ్చిన తీర్పులే అని నా నమ్మకం. నేర్చుకున్న కీలు, పోగేసుకున్న ఫైళ్లు, డబ్బు పెట్టి కొన్న ప్రోగ్రాములు, రాత్రుళ్లు కూర్చుని సరిచేసుకున్న సెట్టింగులు, ఇవన్నీ కలిసి ఒక మనిషి జీవితంలో చాలా కాలం. ఎదుటివాడు "నీది పనికిరాదు" అన్నప్పుడు ఆ కాలమంతా దండగైందని అన్నట్టు వినిపిస్తుంది. కోపం రావడం సహజం.

ఎంచుకున్న తర్వాత ఎంచుకున్నదే మేలని మనసు మనల్ని ఒప్పిస్తుందని 1956లోనే జాక్ బ్రెమ్ అనే మనస్తత్వవేత్త ప్రయోగం చేసి చూపించాడు. కొందరు మహిళలకు ఇంట్లో వాడుకునే వస్తువులు చూపించి ఒక్కొక్కదానికి ఎంత విలువ ఇస్తారో అడిగాడు. తర్వాత రెండింటిలో ఒకటి ఎంచుకోమన్నాడు. ఎంచుకున్నాక మళ్లీ విలువ కట్టమంటే, చేతికొచ్చిన వస్తువుకు విలువ పెంచారు, వదులుకున్నదానికి తగ్గించారు. ఆ కాస్త సమయంలో వస్తువుల్లో ఏ మార్పూ రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం మన పెద్దలకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే. చిన్న వస్తువు విషయంలోనే ఇలా ఉంటే, ఇరవై ఏళ్లు వాడిన కంప్యూటర్ విషయంలో ఎంతుండాలి?

అలాగని "అన్నీ ఒకటే, ఏది వాడితే ఏమిటి" అనేవారితోనూ నేను ఏకీభవించను. తేడాలు ఉన్నాయి, అవి చిన్నవి కావు. లినక్స్ అనే మూడో ఆపరేటింగ్ సిస్టమ్ మూల కోడ్‌ను ఎవరైనా తెరిచి చదవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మాక్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆపిల్ అమ్మే యంత్రాల మీద నడవడానికే తయారవుతుంది, అందుకే యంత్రమూ సాఫ్ట్‌వేరూ అంత చక్కగా కుదురుతాయి, అందుకే బయటికి వెళ్లే దారీ అంత ఇరుకవుతుంది. ఎందరో తయారీదారుల యంత్రాల మీద, ఏళ్ల కిందటి ప్రోగ్రాములను కూడా నడిపించే బాధ్యతను మైక్రోసాఫ్ట్ వారి విండోస్ నెత్తిన వేసుకుంది. దాని బలమూ బరువూ రెండూ అక్కడివే. ఈ తేడాల గురించి గట్టిగా వాదించుకోవాల్సిందే. నా అభ్యంతరం వాదనతో కాదు. వాడకందారులు కంపెనీల తరఫున ఒకరితో ఒకరు తలపడుతున్నారు, ఆ సందడిలో కంపెనీలను నిలదీయడం మరిచిపోతున్నారు. నా బాధంతా దాని గురించే.

జట్టు కట్టడానికి మనిషికి పెద్ద కారణం అక్కరలేదు. 1970ల తొలినాళ్లలో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వవేత్త ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బడిపిల్లల మీద ప్రయోగాలు చేశాడు. క్లీ చిత్రాలు నచ్చినవారు ఒక జట్టు, కండిన్‌స్కీ చిత్రాలు నచ్చినవారు మరో జట్టు అని చెప్పాడు. నిజానికి ఆ విభజన ఇష్టాన్ని బట్టి జరగలేదు, ఎవరిని ఎటు వేశాడో దానికి ఏ ఆధారమూ లేదు. తన జట్టులో ఎవరున్నారో కూడా పిల్లలకు తెలియదు. అయినా డబ్బుతో సమానమైన పాయింట్లు పంచమంటే సొంత జట్టు వైపే మొగ్గారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టిన సంగతి ఇంకొకటుంది. తమ జట్టుకు మరికొంత ఎక్కువ వచ్చే దారి కళ్లముందే ఉన్నా, దాన్ని వదిలి, ఎదుటి జట్టుతో తేడా ఎక్కువగా ఉండే పంపకాన్ని ఎంచుకున్నవారు చాలామంది. మనకు తక్కువైనా సరే, వాళ్లకు ఇంకా తక్కువ రావాలి. కంప్యూటర్ల గొడవను దగ్గర నుంచి చూసినవారికి ఈ మనస్తత్వం కొత్తగా అనిపించదు.

అయితే జట్లు వాటంతటవే పుట్టలేదు. పుట్టించడానికి బోలెడు డబ్బు ఖర్చయింది. 1984 జనవరి 22న అమెరికాలో సూపర్ బౌల్ ఆట మధ్యలో ఆపిల్ ఒక ప్రకటన వేసింది. బూడిదరంగు మనుషులు వరుసలుగా కూర్చుని తెర మీది నియంత మాటలు వింటుంటే, ఒక యువతి పరుగెత్తుకొచ్చి సుత్తి విసిరి ఆ తెరను బద్దలు కొడుతుంది. కంప్యూటర్ ఎలా ఉంటుందో, ఏం చేస్తుందో అందులో చూపించలేదు. రెండు రోజుల తర్వాత మెకింతోష్ (మాక్ పూర్తి పేరు అదే) మార్కెట్లోకి వచ్చింది. ఒక యంత్రం కొనడం తిరుగుబాటు చేయడంతో సమానమన్న భావన అలా జనంలోకి వెళ్లింది. 2006 నుంచి 2009 దాకా ఆపిల్ వేసిన మరో ప్రకటనల వరుసలో ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడతారు. ఒకరు "నేను మాక్‌ని" అంటారు, ఇంకొకరు "నేను పీసీని", అంటే విండోస్ యంత్రాన్ని, అంటారు. 2008లో మైక్రోసాఫ్ట్ కూడా రకరకాల మనుషుల చేత "నేను పీసీని" అనిపించే ప్రకటనలు వేసింది. ఈ వాక్యాన్ని కాస్త ఆగి చూడండి. "నా దగ్గర మాక్ ఉంది" అని చెప్పవలసిన మనిషి "నేను మాక్‌ని" అంటున్నాడు. మొదటి వాక్యంలో ఆ వస్తువును రేపు అమ్మేయవచ్చు. రెండో వాక్యంలో అమ్మడానికి వస్తువే లేదు, మనిషే వస్తువైపోయాడు. ఇక ఆ వస్తువును ఎవరు విమర్శించినా అతనికి గుచ్చుకుంటుంది.

తమాషా ఏమిటంటే, పైన కూర్చున్నవారు ఈ యుద్ధాన్ని ఎన్నడూ అంత నిష్ఠగా చేయలేదు. ఎక్సెల్ పుట్టింది మైక్రోసాఫ్ట్‌లోనే, కానీ మొదట వచ్చింది మెకింతోష్ మీద, 1985లో. విండోస్‌కు వచ్చింది రెండేళ్ల తర్వాత. 1997 ఆగస్టులో బోస్టన్‌లో జరిగిన మాక్‌వరల్డ్ సభ మరీ విచిత్రం. ఆపిల్ అప్పటికి నష్టాల్లో కూరుకుపోయి ఉంది. స్టీవ్ జాబ్స్ వేదిక మీద నిలబడి, మైక్రోసాఫ్ట్ ఆపిల్‌లో 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడుతోందని, మాక్ కోసం ఆఫీస్ సాఫ్ట్‌వేర్ తయారీని కొనసాగిస్తుందని ప్రకటించాడు. అతని వెనుక పెద్ద తెర మీద బిల్ గేట్స్ ముఖం కనిపించింది. సభలోని అభిమానులు ఈలలతో, కేకలతో నిరసన తెలిపారు. తమకెంతో ఇష్టమైన కంపెనీకి ఊపిరి పోస్తున్న మనిషిని చూసి చేసిన నిరసన అది. ఆపిల్ గెలవాలంటే మైక్రోసాఫ్ట్ ఓడాలన్న ఆలోచనను వదులుకోవాలని ఆ రోజు జాబ్సే వారికి చెప్పవలసి వచ్చింది. సేనాపతులు సంతకాలు చేసుకుని ఎవరి ఇంటికి వారు వెళ్లిపోయారు. సైనికులు మాత్రం ఈనాటికీ కందకాల్లోనే ఉన్నారు.

ఎవరు ఎవరిని కాపీ కొట్టారన్నది ఈ గొడవలో ఎప్పటికీ చల్లారని అంశం. 1988లో ఆపిల్ మైక్రోసాఫ్ట్ మీద దావా వేసి, మాక్ తెర మీది 189 అంశాలను విండోస్ కాపీ చేసిందని వాదించింది. వాటిలో 179 అంశాలను 1985 నాటి ఒప్పందంలో ఆపిలే వాడుకోనిచ్చిందని కోర్టు తేల్చింది, మిగిలిన వాటిలోనూ ఆపిల్ వాదన నిలబడలేదు. అసలు కిటికీలు, చిహ్నాలు, మౌస్‌తో కూడిన తెరను 1970ల్లోనే జిరాక్స్ కంపెనీకి చెందిన పార్క్ అనే పరిశోధన కేంద్రంవారు తమ ఆల్టో యంత్రం మీద నడిపించారు. 1979లో జాబ్స్ అక్కడికి వెళ్లి చూసి వచ్చాడు. అప్పటినుంచీ ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదు. విండోను తెర అంచుకు లాగితే సగం తెర నిండా సర్దుకునే వీలు విండోస్ 7లో, అంటే 2009లో వచ్చింది. మాక్‌కు అది సొంతంగా చేరింది 2024లో. ఒకే తెర మీద పలు డెస్క్‌టాప్‌లు పెట్టుకునే వీలు యునిక్స్ అనే పాత సిస్టమ్ వాడినవారికి 1990ల నాటి సంగతి, విండోస్ 10తో అది 2015లో గానీ అందరికీ రాలేదు. ఈ పదిహేనేళ్లు, ఇరవై ఏళ్ల ఆలస్యాల్లో అభిమానుల మాటల పాత్ర కూడా ఉందని నా అనుమానం. "మాకు అది అవసరం లేదు" అని ఏళ్లపాటు వాదించినవారే, వచ్చిన మరునాడు దాన్ని మెచ్చుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అవసరం లేదని వాదించకుండా, కావాలని అడిగి ఉంటే?

లినక్స్ గురించి రాసేటప్పుడు నా మాట తీరు మారుతుందని నాకు తెలుసు, ఎందుకంటే నేను ఆ గూటి పక్షినే. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు ఆయన అడిగింది వేగం కాదు, అందం కాదు. తన యంత్రంలో నడుస్తున్న ప్రోగ్రామును చదివే హక్కు, మార్చే హక్కు, పక్కవారితో పంచుకునే హక్కు. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో చదువుకుంటున్న ఇరవై ఒక్కేళ్ల లైనస్ టోర్వాల్డ్స్, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను, అది గ్నూలా పెద్దదేమీ కాబోదు అని ప్రకటించాడు. అదే లినక్స్. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లు అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ లినక్స్ కర్నెలే, అంటే దాని గుండెకాయ లాంటి భాగమే. ఎవరూ జీతం ఇవ్వకపోయినా రాత్రుళ్లు కోడ్ రాసి ప్రపంచానికి ఇచ్చేసిన వేలమంది పని ఇందులో కలిసి ఉంది. మనిషి మీద నమ్మకం సడలిన రోజుల్లో ఈ సంగతి గుర్తొస్తే నాకు ధైర్యం వస్తుంది. దీన్ని ప్రేమించినందుకు నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

కానీ ఈ ప్రేమే మాలో చాలామందిని కఠినులను చేసింది. కొత్తగా వచ్చిన మనిషి వైఫై పనిచేయడం లేదని అడిగితే, "ముందు మాన్యువల్ చదువు" అనడం మా వైపు పాత అలవాటు. అంతకన్నా విచారకరం లోపలి కొట్లాటలు. కోడ్ రాసుకునే సాధనాల్లో ఈ-మాక్స్ వాడేవారికీ విఐ వాడేవారికీ పడదు. తెరకు రూపమిచ్చే డెస్క్‌టాప్‌లలో గ్నోమ్ వారికీ కేడీఈ వారికీ పడదు. యంత్రం మొదలయ్యేటప్పుడు సేవలను నడిపే సిస్టమ్‌డీ అనే భాగాన్ని తీసుకోవాలా వద్దా అని 2014లో డెబియన్ అనే లినక్స్ పంపిణీని (లినక్స్‌ను మిగతా ప్రోగ్రాములతో కలిపి అందించే రూపాన్ని) తయారుచేసే సముదాయం రెండుగా చీలినంత పనైంది. ఒప్పుకోని కొందరు దేవువన్ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు. ఆ సాంకేతిక వాదనలో పస ఉంది, కాదనను. దాని చుట్టూ పేరుకున్న ద్వేషంలో పస లేదు.

శత్రువు అనుకున్నవారి సంగతీ చూద్దాం. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. ఆ మాట మాకు ఏళ్లపాటు ఇంధనంలా పనిచేసింది. 2014లో ఆ కుర్చీలోకి వచ్చిన సత్య నాదెళ్ల, మైక్రోసాఫ్ట్ లినక్స్‌ను ప్రేమిస్తోందన్నాడు. 2016లో విండోస్ లోపలే లినక్స్ ప్రోగ్రాములు నడిచే ఏర్పాటు వచ్చింది, అదే ఏడాది ఆ సంస్థ లినక్స్ ఫౌండేషన్‌లో చేరింది. ఇక టోర్వాల్డ్స్, 2022లో కర్నెల్ 5.19 విడుదలను లినక్స్ ఎక్కించుకున్న ఆపిల్ ల్యాప్‌టాప్ మీద నుంచి చేశానని సంతోషంగా చెప్పాడు. ఎవరి వ్యాపార అవసరాలు వారికున్నాయి, అది నాకు తెలుసు. అయినా ఈ పేర్లు మూడూ ఒకే గదిలో కూర్చున్న తర్వాత, బయట మనం ఎవరి జెండా మోస్తున్నట్టు?

భద్రత విషయంలో గొప్పలు చెప్పుకోని జట్టు లేదు. మాక్‌కు వైరస్ రాదని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే హానికర ప్రోగ్రాము ఆరు లక్షలకు పైగా మాక్‌లకు సోకింది. 2017 మేలో వానాక్రై అనే హానికర ప్రోగ్రాము విండోస్ యంత్రాలను కుదిపేసినప్పుడు మిగతావారు నవ్వారు, దాన్ని ఆపే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చిందని, వేసుకోనివారే నష్టపోయారని పట్టించుకోలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ అప్‌డేట్ ఒకటి 85 లక్షల విండోస్ యంత్రాలను పడేసినప్పుడు మా గూట్లో పండగ వాతావరణం కనిపించింది. ఆ రోజు విమానాలు ఆగాయి, ఆస్పత్రుల పనులు ఆగాయి. సంబరపడిన మాటలు చదువుతుంటే నాకు సిగ్గేసింది, ఎందుకంటే దానికి నాలుగు నెలల ముందే మేం ఎంతటి గండం తప్పించుకున్నామో నాకు గుర్తుంది.

ఆ గండం కథ వివరంగా చెప్పాలి. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న సాధనం, లినక్స్ పంపిణీల్లో దాదాపు అన్నింటా ఉంటుంది. దాన్ని ఏళ్లుగా దాదాపు ఒకే మనిషి, ఖాళీ సమయంలో, ఓపిక ఉన్నంత మేరకు చూసుకుంటూ వచ్చాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా సాయం చేస్తూ, నమ్మకం సంపాదించి, చివరికి అందులో ఒక దొంగ తలుపు అమర్చారు. దూరం నుంచి సర్వర్లలోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ దారిని అది తెరిచేది. నెలలు గడిస్తే ప్రపంచంలోని అసంఖ్యాక సర్వర్లకు చేరేది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగాన్ని కొలుస్తూ, తన డెబియన్ యంత్రంలోకి లాగిన్ కావడానికి మామూలు కన్నా దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకనే కదా అని వదిలేయలేదు. తీగ లాగుతూ పోయాడు, డొంకంతా కదిలింది. ఆయన ఉద్యోగం చేసేది మైక్రోసాఫ్ట్‌లో. కోడ్ అందరికీ తెరిచి ఉన్నందువల్లే ఆయన అంత లోతుకు వెళ్లగలిగాడని మేం గర్వంగా చెప్పుకోవచ్చు. ఆ తెరిచిన కోడ్‌నే మోసగాడు కూడా వాడుకున్నాడని, అలసిపోయిన ఒంటరి మనిషికి తోడుగా మాలో ఎవరూ వెళ్లలేదని కూడా చెప్పుకోవాలి.

ఇప్పుడు నా ఇంటి సంగతి. మా అక్క పరిశోధన చేసే రోజుల్లో, సిద్ధాంత గ్రంథం సమర్పించాల్సిన ముందు రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసింది. తన కంప్యూటర్ దానంతట అదే ఆగి అప్‌డేట్ మొదలుపెట్టిందట. తెర మీద శాతం అంకె కదలడం లేదు. ఏ సిస్టమో ఇక్కడ చెప్పను, అది నేను వాడేది కాదని మాత్రం చెబుతాను.

"అక్కా, అది మానేయమని ఎన్నిసార్లు చెప్పాను నీకు?" ఇదీ నా మొదటి మాట.

అటువైపు కాసేపు మౌనం. తర్వాత, "అది తర్వాత తిడుదువు గానీ, నా ఫైలు ఉంటుందా పోతుందా చెప్పరా" అంది.

గంటన్నర తర్వాత యంత్రం లేచింది. ఫైలు ఉంది, కానీ సాయంత్రం నుంచి చేసిన సవరణలు లేవు. దాన్ని నాకు పంపితే నా యంత్రంలో తెరిచాను. పట్టికల గీతలు చెదిరిపోయాయి, పేజీ సంఖ్యలు మారిపోయాయి, సూత్రాలున్న చోట ఖాళీ పెట్టెలు కనిపించాయి. తెల్లవారుజామున నాలుగింటి దాకా ఇద్దరం ఫోన్‌లోనే ఉండి, ఆమె పాత ప్రతి చదువుతుంటే నేను సరిచేశాను. ఆ రాత్రి ఆమె నా సిస్టమ్‌ను ఒక్క మాట అనలేదు. అనడానికి కావలసినంత కారణం నా తెర మీదే ఉంది.

నేను అన్న ఆ మొదటి మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఆమె ఫిర్యాదు న్యాయమైనది. చేస్తున్న పనిని అడగకుండా ఆపే హక్కు ఏ ప్రోగ్రాముకూ లేదు. ఆ ఫిర్యాదు దాన్ని తయారుచేసిన కంపెనీకి చేరాలి. నేను మధ్యలో నిలబడి దాన్ని ఆమె వైపే తిప్పాను: తప్పు నీదే, తప్పుడుది ఎంచుకున్నావు. ఎదుటి జట్టువాడు ఇలా తిప్పితే, సొంత జట్టువాడు ఇంకోలా తిప్పుతాడు: "నాకెప్పుడూ అలా కాలేదే, నువ్వే ఏదో చేసి ఉంటావు." ఈ రెండు జవాబుల మధ్య ఫిర్యాదు చచ్చిపోతుంది. కంపెనీ దాకా వెళ్లేది సగం కూడా ఉండదు. ఏ ప్రజాసంబంధాల శాఖా డబ్బు పెట్టి చేయించలేని పనిని మనం ఉచితంగా చేసిపెడుతున్నాం.

సిస్టమ్‌లను బాగుచేసినవారు ఎవరో వెనక్కి తిరిగి చూడండి. 2012లో విండోస్ 8 నుంచి స్టార్ట్ బటన్ తీసేశారు. మాక్ వాళ్లు ఎగతాళి చేసినందుకు అది తిరిగి రాలేదు. విండోస్ వాడేవారే విసిగి, అడిగి, కొత్తదానికి మారకుండా మొండికేశారు. 2013లో బటన్ వచ్చింది, 2015లో విండోస్ 10తో మెనూ పూర్తిగా వచ్చింది. 2015లో ఆపిల్ తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డు సంగతి ఇంకా బాగుంటుంది. కీ కింద ధూళి రేణువు చేరితే చాలు, అక్షరం పడేది కాదు, లేదా రెండు సార్లు పడేది. విండోస్ వాళ్ల హేళనకు ఆపిల్ ఏమాత్రం చలించలేదు. ఏళ్లుగా మాక్ తప్ప మరొకటి ముట్టని రచయితలు, ప్రోగ్రామర్లు సంతకాలు సేకరించారు, కోర్టుకు వెళ్లారు. 2018లో ఉచిత మరమ్మతు పథకం వచ్చింది, 2019 చివర నుంచి ఆ కీబోర్డునే మార్చేశారు, 2022లో 5 కోట్ల డాలర్లకు దావా పరిష్కారమైంది. ఆ ఫిర్యాదుదారులను మొదట్లో తోటి అభిమానులే ద్రోహులన్నట్టు చూశారు. ఈరోజు మంచి కీబోర్డు మీద టైపు చేస్తున్న ప్రతి మాక్ వినియోగదారుడూ వారికి రుణపడి ఉన్నాడు.

ఉబుంటు అనే లినక్స్ పంపిణీ 2012లో, వెతుకులాట పెట్టెలో టైపు చేసిన మాటలను బట్టి అమెజాన్ సరుకులు చూపించడం మొదలుపెట్టింది. అప్పుడు గొంతెత్తినవారిలో ముందున్నది స్టాల్‌మనే. 2016 నాటి ప్రతిలో అది మొదటినుంచే ఆపి ఉంచాల్సి వచ్చింది. 2024 మేలో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన రీకాల్, తెర మీద జరిగేదాన్నంతా ఎప్పటికప్పుడు బొమ్మలుగా దాచేది. భద్రతా పరిశోధకులు దాని లోపాలను బయటపెట్టాక, కావాలనుకున్నవారే ఆన్ చేసుకునేలా దాన్ని మార్చారు, విడుదలను వాయిదా వేశారు.

ఫైళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనల్ని కట్టిపడేసే అసలు తాళ్లు అవే. విండోస్ వదలలేకపోతున్నవారిని అడగండి, విండోస్ మీద ప్రేమ వల్ల అనేవారు కొద్దిమందే. ఫలానా ఫైలు ఇంకోచోట సరిగా తెరుచుకోదు అంటారు. ఆపిల్ నోట్స్‌లో పదేళ్ల రాతలున్నవారూ అంతే. మామూలు అక్షరాల ఫైలులో వరుస ముగిసిందని చెప్పడానికే విండోస్‌కు ఒక పద్ధతి, యునిక్స్‌కు ఒక పద్ధతి. లినక్స్‌లో రాసిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే వరుసలన్నీ కలిసిపోయి ఒకే పొడుగాటి దారంలా కనిపించేవి. ఈ చిన్న లోపం సరికావడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. పత్రాల కోసం ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్‌ను 2006లోనే అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తించారు. రెండేళ్లకు మైక్రోసాఫ్ట్ ఫార్మాట్ కూడా ప్రమాణమైంది. కాగితం మీద రెండూ ప్రమాణాలే, మా అక్క పట్టికలు మాత్రం చెదిరిపోయాయి. ఏ సిస్టమ్ గొప్పదని వాదించుకునే ఇద్దరూ నిజానికి ఒకే కోరిక కోరవచ్చు: నా ఫైలు నాతో ఎక్కడికైనా రావాలి. ఆ కోరిక నెరవేరితే మారాలనుకున్నవారు మారతారు, ఉండాలనుకున్నవారు ఇష్టంగా ఉంటారు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో ఉండాలి. దాంతో నిన్నటిదాకా చక్కగా పనిచేసిన కోట్ల యంత్రాలు పక్కకు పోయాయి. మా లినక్స్ వైపు నుంచి "మా దగ్గరకు రండి" అన్న పిలుపు జోరుగా వినిపించింది. రమ్మనడం మంచిదే, నేనూ కొందరికి ఎక్కించి ఇచ్చాను. కానీ ఆ రోజుల్లో వినియోగదారులకు నిజంగా పనికొచ్చిన పని ఒకటి వేరేచోట జరిగింది. భద్రతా సవరణలను ఒక ఏడాది పొడిగించడానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతులను యూరోకన్స్యూమర్స్ అనే వినియోగదారుల సంస్థ ప్రశ్నించింది. సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలోని దేశాల వారికి ఆ పొడిగింపును, సెట్టింగులను మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో బ్యాకప్ చేసుకోవాలన్న షరతు లేకుండా ఉచితంగా ఇచ్చింది. మిగతా ప్రపంచంలో ఉన్నవారికి ఆ మేలు ఎందుకు దక్కలేదని అడిగే గొంతు అంత బలంగా వినిపించలేదు. మాక్ వాళ్లకూ ఇందులో నిశ్చింత లేదు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మాక్‌లకు మాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2025 నాటి టాహోయే చివరి కొత్త ప్రతి అని ఆపిల్ ప్రకటించింది. ఇంటెల్ మాక్ ప్రోను ఆ కంపెనీ 2023 జూన్ దాకా అమ్ముతూనే ఉంది. అంత ఖరీదైన యంత్రం కొన్నవారికీ, పాత విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నవారికీ సమస్య ఒకటే. వారు ఒకరినొకరు గుర్తుపట్టలేకపోతున్నారు.

ఈ పోటీలో మంచి లేదని నేను అనను. ఏదో ఒక సిస్టమ్ మీద పిచ్చి ప్రేమ ఉన్నవారే కొత్తవారికి నేర్పారు, ఉచితంగా ప్రోగ్రాములు రాశారు, లోపాలు వెతికి పంపారు. 2000ల తొలినాళ్లలో పది పీసీల్లో తొమ్మిదికి పైగా విండోస్ మీదే నడిచినప్పుడు, మిగిలినవారి మొండితనమే ఎంచుకోవడానికి ఇంకొకటంటూ ఉంచింది. ఆ మొండితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను. అది పక్కవాడి మీదికి మళ్లినప్పుడే నాకు బాధ.

మా అక్క ఇప్పటికీ ఆ సిస్టమే వాడుతోంది. ఆమె పనికి కావలసిన ప్రోగ్రాము అందులోనే ఉంది, ఆమె వేళ్లూ దానికే అలవాటు పడ్డాయి. కిందటి నెల మళ్లీ అలాగే, పని మధ్యలో యంత్రం ఆగింది. ఈసారి నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏ సమయానికి ఆగింది, తెర మీద ఏ సందేశం వచ్చింది, ఎంతసేపు పట్టింది, ఏ ఫైలులో ఎంత పని పోయింది, అన్నీ వరుసగా రాసి, తెర ఫొటోలు జతచేసి, తయారుచేసిన కంపెనీకి పంపాం. నా సిస్టమ్ పేరు ఆ ఉత్తరంలో ఎక్కడా రాలేదు. ఇంతవరకు వచ్చింది ఫిర్యాదు సంఖ్య ఒక్కటే. వచ్చే వారం మళ్లీ రాద్దామంది అక్క. ముసాయిదా నా దగ్గర ఉంది, ఏ సిస్టమ్‌లోనైనా తెరుచుకునే మామూలు అక్షరాల ఫైలులో.